పొగ రాని కరెంటు చూడటానికి కోరుట్ల నుంచి సిరిసిల్లకు

సిరిసిల్లలో మా బిడ్డ సుజాతకు నాలుగు మరమగ్గాలున్నాయి. కరెంటు పోతే డీజిల్ జనరేటర్ వేస్తుంది. ఆ పొగకు రెండేళ్లుగా దానికి దగ్గు. పొగకు దూరంగా ఉండమన్నాడు డాక్టరు. మగ్గాలకు దూరంగా ఉంటే ఇల్లెట్లా గడుస్తుంది? మొన్న ఫోన్ చేసింది. ఎవరో కంపెనీవాళ్లు వాడి చూడమని ఫ్యూయల్ సెల్ అనే పెట్టె తెచ్చారట, హైడ్రోజన్ గ్యాసుతో కరెంటు ఇస్తుందట, ఉంచుకునేదీ లేనిదీ మర్నాడు సాయంత్రంలోగా చెప్పాలట. గ్యాసు అనగానే నాకు భయం. చదువు లేనిదాన్ని, కళ్లతో చూస్తే తప్ప నమ్మలేను.

మర్నాడు పొద్దున ఏడింటికే కోరుట్లలో బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. ఎందుకు పోతున్నానో కండక్టరుకూ చెప్పేశాను.

“పేల్తదేమోనని భయమైతంది బిడ్డా.”

“మీ ఇంట్ల గ్యాస్ బండ లేదా అవ్వా? అది బంద్ చేసే అచ్చినవా?”

అంతే, స్టవ్ ఆపానో లేదోనని జగిత్యాల దాకా ఒకటే ఆలోచన. అక్కడ బస్సు మారి, కొడిమ్యాల మీదుగా వేములవాడ, ఇంకో అరగంటకు సిరిసిల్ల. పదకొండు దాటింది.

షెడ్డు బయట బీరువా అంత పెట్టె, పక్కన సిలిండర్లు. లోపల మంట ఉండదనీ, గ్యాసూ గాలీ కలిసి కరెంటూ నీళ్లూ అవుతాయనీ పెట్టె తెచ్చినతను చెప్పి, కరెంటు మెయిన్ స్విచ్ ఆపేశాడు. మగ్గాలు ఆగలేదు. ఒకప్పుడు నేనూ మగ్గాలకు నూలు కండెలు చుట్టినదాన్నే. మగ్గం ఆగి మళ్లీ కదిలినచోట బట్టలో గీత పడుతుంది, గీత ఉన్న బట్టను సేటు కొనడు. అప్పుడే నేసిన చోట వేలితో తడిమాను. గీత లేదు. పెట్టె గొట్టం కింద చెయ్యి పెడితే గోరువెచ్చని నీటిచుక్కలు.

“గ్యాసు అయిపోతే?” అని అతన్ని అడిగాను.

“హైదరాబాద్ నుంచి రావాలమ్మా. రెండు రోజులు పడ్తది.”

“గా రెండు రోజులు నా బిడ్డ మల్ల పొగ మింగాల్నా?”

అతను అవునన్నాడు. ఖర్చు కూడా ఇప్పటికి డీజిల్ కంటే ఎక్కువేననీ, గ్యాసు దగ్గర్లో తయారైతే తగ్గుతుందనీ మెల్లగా ఒప్పుకున్నాడు.

సుజాత నవ్వింది. “దీనికి గూడ వంక వెట్టినవా అమ్మా? గంట నుంచి మెయిన్ బందే ఉన్నది. ఒక్కసారన్న దగ్గిన్నా?”

ఫోన్లో దాని ప్రతి దగ్గూ లెక్కపెట్టే నేను ఆ సంగతే గమనించలేదు.

“ఉంచుకో బిడ్డా,” అన్నాను. “గని జనరేటర్ అమ్ముకోకు. ఒక బండ మిగిలినప్పుడే ఇంకోటి తెమ్మని చెప్పు.”

తిరుగు బస్సులో అనుకున్నాను: యంత్రం మంచిదే, దాని తిండే దూరంలో ఉంది. బంకులో డీజిల్ దొరికినట్టు ఈ గ్యాసు దొరికిననాడు ప్రతి షెడ్డు ముందూ ఈ పెట్టె ఉంటుంది. అప్పటిదాకా నా బెంగ పొగ మీది నుంచి హైదరాబాద్ లారీ మీదికి మారింది. ఇంటికొచ్చి చూస్తే స్టవ్ ఆపే ఉంది. మీరూ ఇట్లాంటిది చూడబోతే, పెట్టె ధర తర్వాత అడగండి. సిలిండర్ ఎక్కడి నుంచి, ఎన్ని రోజులకు వస్తుందో ముందడగండి.