నాన్న ప్యాంటు

వీధిలో అందరూ కత్తెరమ్మ అని పిలిచే ఆ దర్జీ ఆవిడ, ఇదివరకు పొద్దున్నే ముగ్గురికి సరిపడా బియ్యం కడిగేది. ఇప్పుడు ఇద్దరికే కడుగుతోంది. ఆ మాటకొస్తే, భర్త పోయినప్పటి నుంచీ ఇంట్లో ఉన్నది ఇద్దరే. చెయ్యి వింటేగా! మూడో మనిషి బియ్యం దానంతటదే గిన్నెలో పడేది. వండింది పారేయడానికి మనసొప్పదు. అలా నాన్న వంతు కూడా కొడుకు కంచంలోకే చేరేది.

కొడుక్కి పద్నాలుగేళ్లు. బళ్లో వాణ్ణి బుడగ అంటారు. కంచానికి ఎదురు చెప్పడం వాడికి చేతకాదు. సీసాల్లో అమ్మే తియ్యటి నీళ్లంటే ప్రాణం. మెట్లెక్కితే మాత్రం మాట సగంలో ఆగిపోతుంది.

వీధిలో అందరి నడుము కొలతలూ నోటికొచ్చిన కత్తెరమ్మ, కొడుకు నడుముకి ఏనాడూ టేపు పెట్టలేదు. ప్యాంటు బిగుతైనప్పుడల్లా వెనక కుట్టు విప్పి, వదులు చేసి, ఏమీ ఎరగనట్టు ఇస్త్రీ చేసి పెట్టేది.

"ఉతికితే బట్ట ముడుచుకుందిరా."

"మరి నీ చీరలు ముడుచుకోవేమే అమ్మా?"

బళ్లో పాటల పోటీకి నల్ల ప్యాంటు కావాలన్నారు. బీరువాలోంచి ఆయనది తీసింది. నడుము బాగా తగ్గించాల్సొస్తుందని గుండుసూదులు నోట్లో పెట్టుకుని, సుద్దముక్క పట్టుకుని కూర్చుంది. వాడు వేసుకొచ్చాడు. కాళ్ల దగ్గర బట్ట నేలంతా ఊడుస్తోంది. నడుము దగ్గర వేలు దూరే సందు లేదు.

"చూశావా, నాన్నంతవాణ్ణయ్యాను!"

కాళ్ల పొడుగు దగ్గర సుద్దతో గీత గీసింది. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. ఆయన గుండె ఆగిపోయిన రోజున ఆయన నడుము కొలతా ఇదే.

మర్నాడే వాణ్ణి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

"ఈ వయసుకి ఉండకూడనంత బీపీ ఉంది. షుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. మెడ మీద ఆ నలుపు మట్టి కాదమ్మా, అదీ దాని గుర్తే. రుద్ది రుద్ది వాడి తోలు తీయకండి. పస్తులు పెట్టొద్దు, తిట్టొద్దు. వాడి తిండే మీరూ తినండి, వాడితో మీరూ నడవండి. ఆ సీసాలు మాత్రం ఇంట్లోకి రానివ్వద్దు."

"అన్నీనా?" అన్నాడు బుడగ, దిగులుగా.

"ఖాళీవి ఉంచుకో నాన్నా, మంచినీళ్లు పట్టుకుందువు గాని," అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం నుంచీ ఇద్దరూ నడక. వాడు మెల్లగా, ఆవిడ మరీ మెల్లగా.

"అమ్మా, నీ చీర కూడా కాస్త ముడుచుకున్నట్టుందే!"

"నోరు కాదు, కాళ్లు ఆడించు."

పోటీకి కొత్త ప్యాంటు కుట్టింది. ఈసారి టేపు పెట్టి, నడుము కొలత వాడికి వినపడేలా పైకి చదివింది. వాడి కళ్లు మాత్రం మెషిను పక్కన మేకుకి వేలాడుతున్న నాన్న ప్యాంటు మీదే ఉన్నాయి.

"దాని కాళ్లు పొట్టి చెయ్యవా?"

"చెయ్యను. పొడుగు నువ్వు పెరిగి అందుకో. నడుము సంగతి అప్పుడు నేను చూస్తా."

సుద్ద గీత అలాగే ఉంది. కత్తెరమ్మ కత్తెరని సొరుగులో పెట్టేసి, చెప్పులు వేసుకుంది.