తారీఖు వాళ్లది, తిథి మనది

ఈరోజు బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టర్లన్నీ దించేశారు. పేపర్లో 'చరిత్రలో ఈరోజు' చదువుతుంటే, మీర్‌పేట్‌లో మా పెంకుటింటి రేడియో గుర్తొచ్చింది. నా ఈడువాళ్ల ఇళ్లలోనూ ఉండేది కదా, పూలు కుట్టిన గుడ్డ కప్పుకుని?

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జరిగిన కాల్పుల్లో మా పెద్దన్న పోయాడు. ఏటా ఆ తారీఖున రేడియోలో ఆనాటి విశేషాలు చెబుతుంటే, అమ్మ పిండి చేతులతోనే వచ్చి నిలబడేది.

"రాజులు పుట్టిండ్రట, యుద్ధాలైనయట. నా కొడుకు ముచ్చట చెప్పరేంది?"

"తారీఖు వాళ్లది, తిథి మనది. తిథినాడు పిండం పెట్టినం గదనే," అన్నాడు నాయన ఒకసారి.

"పిండం కాకి తిన్నది. లోకానికెట్ల ఎరుకైతది?"

నాయన రేడియో కట్టెయ్యబోయాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"జర ఆగు. ఇంకా అయిపోలే."