బర్రెకు మార్చినట్టే నా మేత మార్చుకున్నాను

ఒకరోజు పొద్దున బర్రె పాలు పిండుతుంటే నా వేళ్లలో పట్టు తప్పింది. సగం పాలు అక్కడే వదిలి గోడకు ఆనుకుని కూర్చున్నాను. అప్పటికి రెండు నెలలుగా విరేచనాలు ఆగడం లేదు. హైదరాబాదు హుస్సేనీ ఆలంలో మా పాడి అంతా నా చేతుల మీద నడిచేది. ఇరవై ఆరేళ్లకే ఆ చేతులు పుల్లల్లా అయ్యాయి. బతకనేమోనని భయపడ్డాను.

ఆసుపత్రిలో బ్లడ్ టెస్ట్, స్టూల్ టెస్ట్ చేశారు. "టీబీ కాదమ్మా, స్ప్రూ. తిన్నది పేగులకు పట్టని జబ్బు. అనీమియా కూడా ఉంది" అని డాక్టరు రక్తం పట్టడానికి లివర్ ఎక్స్‌ట్రాక్ట్ ఇంజెక్షన్లు ఇచ్చారు. కాస్త లేచేదాన్ని, మళ్లీ పడేదాన్ని. అత్తమ్మకు నేనంటే ప్రాణం. "అన్నంల బలమేముంటది బిడ్డా? గోధుమ జావ తాగు" అని రెండు పూటలా దగ్గర కూర్చుని తాగించేది. నేను చిక్కేకొద్దీ గిన్నె పెద్దదయ్యేది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. గోధుమలు దొరకకుండా పోయాయి. నాకు బలం తగ్గుతుందని అత్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని, జొన్నరవ్వతో గట్టిగా ఉడికించిన గటక పెట్టింది. నెల తిరిగేసరికి కడుపు కుదుటపడి మళ్లీ పాలు పిండాను. అంతా ఇంజెక్షన్ల పుణ్యమే అనుకున్నాం. తర్వాత గోధుమలు దొరికాయని అత్తమ్మ సంబరంగా గోధుమరవ్వ పాయసం వండింది. మూడో రోజుకు నేను మళ్లీ మంచమెక్కాను.

ఆ మంచం మీది నుంచి బర్రెల కొట్టం వైపు చూస్తుంటే నాకు తట్టింది. బర్రెకు కడుపు చెడితే మేం ఒక్కొక్క మేత ఆపి చూస్తాం. తగ్గితే మళ్లీ అదే పెట్టి చూస్తాం. అప్పుడు గానీ తప్పు తెలగపిండిదో పచ్చిగడ్డిదో తేలదు. ఆ మాట చెబితే అత్తమ్మ కోప్పడింది.

"నువ్వేమన్న బర్రెవా? ఏంది గిట్ల మాట్లాడ్తున్నవ్?"

నేను వినలేదు. మూడు వారాలు గోధుమ మానేశాను, తగ్గింది. తిన్నాను, తిరగబెట్టింది. ఇంకోసారి చేసినా అంతే.

డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన అంతా నా చీటీ మీద రాసుకున్నారు.

"మా పుస్తకాల్లో ఈ మాట లేదమ్మా. కానీ నీ కడుపే చెప్తున్నది కదా, మానెయ్యి."

ఎన్నో ఏళ్లకు మరో డాక్టరు దాని పేరు చెప్పారు: సీలియాక్ డిసీజ్. గోధుమలోని గ్లూటెన్ పడదట, పెద్దవాళ్లకూ వస్తుందట. పేరు తెలియకముందే దాన్ని పట్టుకున్నానని నాకు ఇప్పటికీ గర్వమే.

ఆనాడు నేను ఆసుపత్రి నుంచి వచ్చి మొదటి డాక్టరు మాట చెప్పగానే అత్తమ్మ ఏడ్చింది.

"నా చేతులతోనే పెట్టిన గద బిడ్డా."

"ఆ చేతుల గటకతోనే లేచిన అత్తమ్మా" అన్నాను.

ఆమె లేచి, ఇంట్లో ఉన్న గోధుమపిండంతా బర్రెల కుడితిలో కలిపేసింది.

ఇప్పుడు ముసలిదాన్ని, జొన్నరొట్టె తింటూ గట్టిగానే ఉన్నాను. కడుపు పదేపదే చెడుతుంటే రోజూ ఏం తిన్నారో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. బలానికని ఇంట్లోవాళ్లు ప్రేమగా పెట్టేదాన్ని అన్నిటికంటే ముందు చెప్పండి.