మిగిలిపోయిన జెల్లీ ఎలుగుబంట్లు

హాలోవీన్ మర్నాడు సింగపూర్‌లో, పుంగ్గోల్‌లోని మా ఫ్లాట్‌లో భోజనాల బల్ల నిండా మిఠాయిలే. ముందురోజు సాయంత్రం మా అమ్మాయి తన స్నేహితురాలు ఉండే కాండో అపార్ట్‌మెంట్లలో ఇంటింటికీ తిరిగి, గుమ్మడికాయ బొమ్మ ఉన్న బకెట్టు నింపుకొచ్చింది. చాక్లెట్లు ఏరుకుని తినేశాక, మిగిలినవన్నీ బల్ల మీద కుమ్మరించింది. చాలావరకు ఎలుగుబంటి ఆకారంలో ఉన్న జెల్లీ మిఠాయిలు.

కాకినాడ నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అత్తగారు ఒకదాన్ని వేళ్ళతో నొక్కి చూశారు.

"ఇలా సాగుతోందేంటే? ఏం వేస్తారు ఇందులో?"

కవరు మీది చిన్న అక్షరాలు చదివాను. "జెలటిన్ అత్తయ్యా. పశువుల చర్మం, ఎముకలు ఉడకబెట్టి తీస్తారట."

గుడ్డు కూడా ముట్టని మనిషి. దాన్ని వదిలేసి గబగబా వెళ్ళి చేతులు కడుక్కున్నారు.

పక్క ఫ్లాట్‌లోని మలయ్ ఆంటీకి ఇద్దామని తీసుకెళ్ళాను. ఆవిడా కళ్ళజోడు పెట్టుకుని కవరు వెనక్కి తిప్పి చదివారు. "ఏ జంతువుదో రాయలేదు, హలాల్ గుర్తూ లేదు. దిస్ వన్ కెనాట్ లా," అంటూ నవ్వి తిరిగిచ్చేశారు.

"వాళ్ళూ చూసుకుంటారా మనలాగే!" అని, నేను వచ్చి చెప్పగానే అత్తయ్య ఆశ్చర్యపోయారు.

ఈలోగా మా అమ్మాయి ఒక ఎలుగుబంటిని నీళ్ళ గ్లాసులో పడేసింది. కరిగిపోతుందనుకున్నాను. పొద్దున చూస్తే ఉబ్బి, పెద్ద ఉసిరికాయంత అయింది.

"నానమ్మా, కమ్ సీ!"

అత్తయ్య ముట్టుకోలేదు గానీ, వంగి గ్లాసుని అన్ని వైపుల నుంచీ చూశారు. "మాగాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే నీళ్ళు బయటికొస్తాయి కదా. దీన్ని ఉప్పునీళ్ళలో వేస్తే ఏమవుద్దంటావ్?"

"ఐ డోంట్ నో. ట్రై చేద్దాం!"

ఉప్పు ఆవిడే కలిపారు. సాయంత్రం వరకు అటువైపు వెళ్ళినప్పుడల్లా తొంగి చూశారు. రెండో ఎలుగుబంటి పెద్దగా పెరగలేదు. "చూశావా!" అని మనవరాలి వీపు తట్టారు. మర్నాడు పంచదార నీళ్ళు, ఆ తర్వాత నిమ్మరసం.

మిగిలినవి రాఫెల్స్ ప్లేస్‌లోని ఆఫీసుకి పట్టుకెళ్తానని మావారు సంచీ తీశారు. నానమ్మా మనవరాలూ ఒకేసారి వద్దన్నారు.

"ఇంకా వెనిగర్‌లో వేయలేదురా," అన్నారు అత్తయ్య.