నిద్రపోనిచ్చిన టీచర్

మొన్న ఆదివారం సూర్యాపేట నుంచి కోదాడ వస్తుంటే బస్సులో మా అమ్మాయి నా ఒళ్లో నిద్రపోయింది. ఏడేళ్ల పిల్ల. మెడ దగ్గర చెమటకు తడిసిన జుట్టు, అందులోంచి కొబ్బరినూనె వాసన, నా మోచేతికి తగులుతున్న వెచ్చటి ఊపిరి. టికెట్ అడిగిన కండక్టర్ కూడా గొంతు తగ్గించాడు. చెయ్యి తిమ్మిరెక్కినా కదపాలనిపించలేదు. నిద్రపోయే పిల్లను అంత పదిలంగా చూసుకోవాలని నాకు నేర్పింది మా అమ్మ కాదు, అమ్మకు అంత తీరిక లేదు. మిర్యాలగూడలో నాకు మూడో తరగతి చెప్పిన సువార్త టీచర్.

ఆ రోజుల్లో మా ఇల్లు రైస్‌మిల్లుల వైపు ఉండేది. నాన్న ధాన్యం లారీ తోలేవాడు. ఎప్పుడు వస్తాడో ఆయనకే తెలియదు. మిల్లు పనివాళ్ల కోసం అమ్మ రోడ్డు పక్కన టిఫిన్ బండి పెట్టుకుంది. ఇంకా చీకటి ఉండగానే నన్ను లేపేది. చట్నీకి పల్లీలు వేయించి పొట్టు తీయడం, బోరింగు నుంచి నీళ్లు మోయడం నా పని. బడికి వెళ్లేసరికే కళ్లు మండేవి. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎంత ఆపుకున్నా తల వాలిపోయేది. రెండో తరగతిలో బెంచీ ఎక్కించి నిలబెడితే నిలబడే కునికాను. తోటి పిల్లలు నిద్రమొద్దు అని పేరు పెట్టారు. "దీనికి చదువు రాదమ్మా, పనిలో పెట్టుకో" అని పెద్దసారు ఒకసారి అమ్మతో అననే అన్నారు. అమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది.

సువార్త టీచర్ ఆ మరుసటేడు బదిలీ మీద మా బడికి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ గంజిపెట్టిన నేతచీరలో ఉండేవారు. ఒక మధ్యాహ్నం ఆమె ఎక్కాలు చెబుతుండగా నేను మామూలుగానే నిద్రలోకి జారుకున్నాను. పక్కనున్న పిల్ల నా జడ లాగబోతే, "ముట్టకు, పండుకోనియ్. ఎక్కాలు యాడికి పోవు" అన్నారట. నేను కళ్లు తెరిచేసరికి నా మీద ఎండ పడకుండా కిటికీ రెక్క మూసి ఉంది. బడి వదిలేశారు. టీచర్ ఒక్కరే కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్నారు. తిడతారని ఏడుపు అందుకున్నాను. ఆమె మంచినీళ్లు ఇచ్చారు.

"ఎందుకేడుస్తున్నవ్? నిద్రొచ్చింది, పోయినవ్. పొద్దుగాల ఎప్పుడు లేస్తవ్ బిడ్డా?"

చెప్పాను. అప్పటిదాకా నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు.

మర్నాడు సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చారు. అమ్మ చాప మీద కూర్చుని చేటలో మినుములు ఏరుతోంది.

"నీ బిడ్డ మొద్దు కాదమ్మా, దానికి నిద్ర సాలుతలేదు. ఈ ఈడు పిల్లలకు పది గంటలన్నా ఉండాలె. పిల్లలు పెరిగేది నిద్రలనే. ఇయ్యాల చెప్పింది రేపటికి యాదుండాలన్నా నిద్ర కావాలె" అన్నారు టీచర్.

అమ్మ చేట కింద పెట్టలేదు. "అది నిద్రపోతే నా బండెట్ల నడుస్తది టీచరమ్మా? ఎట్లాగూ చదువు రాదన్నరు. రేపోమాపో మాన్పిస్త. ఇగ మీకు పరేషాన్ ఉండదు."

టీచర్ అమ్మ ముఖం వైపు చూసి, "నువ్వెప్పుడు పండుకుంటవ్?" అని అడిగారు.

అమ్మ చేతులు ఆగిపోయాయి. "నేనా?" అని నవ్వబోయింది, నవ్వు రాలేదు. "కంటినిండ నిద్రపోయి ఎన్నేండ్లయిందో" అంటూ తల పక్కకు తిప్పుకుంది.

అప్పుడు టీచర్ చాప మీద అమ్మ పక్కనే కూర్చున్నారు. చేట తన ముందుకు జరుపుకుని మినుములు ఏరుతూ మాట్లాడారు. పల్లీల పని, నీళ్ల పని సాయంత్రమే ముగించుకోవచ్చని, బండి కట్టేశాక మధ్యాహ్నం అమ్మ కూడా కాసేపు నడుం వాల్చవచ్చని ఇద్దరూ కలిసి తేల్చుకున్నారు. లేచేముందు టీచర్, "ఈ ఒక్క ఏడు పిల్లను నాకియ్యి. అప్పటికీ గిట్లనే ఉంటే ఇగ నీ ఇష్టం" అన్నారు.

ఆ రోజు నుంచి నేను పెందలాడే తిని పడుకునేదాన్ని. తెల్లవారుజామున గిన్నెల చప్పుడుకు మెలకువ వచ్చి లేవబోతే అమ్మ, "నువ్ పండుకో" అనేది. కొన్నాళ్లకు అమ్మ ఆ చప్పుడు కూడా తగ్గించింది. ఒకసారి బడి ఒంటిపూటే ఉండి ఇంటికొస్తే, అమ్మ చాప మీద ఒక పక్కకు తిరిగి నిద్రపోతోంది. అమ్మ నిద్రపోవడం నేను చూడటం అదే మొదటిసారి. నుదుటి మీది ముడతలు పోయి, వేరెవరో చిన్న వయసు మనిషిలా ఉంది. ఆకలేస్తున్నా లేపకుండా గడపలో కూర్చున్నాను. ఏడాది చివర నేనేమీ ఫస్టు రాలేదు, మధ్యలో ఎక్కడో పాసయ్యాను. కానీ మాన్పించే మాట అమ్మ మళ్లీ ఎత్తలేదు.

ఇంటర్‌కు సూర్యాపేటలో హాస్టల్‌లో చేరాను. అప్పటికి టీచర్ పెన్‌పహాడ్‌లో పనిచేస్తూ, వీలు దొరికితే వచ్చి చూసి వెళ్లేవారు. హాస్టల్‌లో తెల్లవారకముందే స్టడీ అవర్. నా కళ్ల కింద నల్లటి చారలు చూసి ఆమె నేరుగా వార్డెన్ దగ్గరికి నడిచారు.

"ఈ వయసుల నిద్రపోయే టైము ఎనకకు జరుగుతదమ్మా. లేటుగ వస్తది, లేటుగ పోతది. అది బద్ధకం కాదు. వీళ్లకింకా ఎనిమిది, తొమ్మిది గంటలు కావాలె" అన్నారు.

వార్డెన్ మర్యాదగానే విన్నది. "మీరన్నది నిజమే మేడం, కానీ ర్యాంకులు రాకుంటే పేరెంట్స్ ఊకోరు" అంది. అక్కడ టీచర్ మాట నెగ్గలేదు. వెళ్లేటప్పుడు గేటు దగ్గర నా తల నిమిరి, "సెలవుల్ల ఇంటికి పొయ్యి మంచిగ పండుకో" అని మాత్రం అనగలిగారు.

ఆమెను చివరిసారి చూసింది మాడుగులపల్లిలో. రిటైరై తమ్ముడి ఇంట్లో ఉండేవారు. నెలల పిల్లగా ఉన్న మా అమ్మాయిని తీసుకెళితే ఒళ్లో పడుకోబెట్టుకుని చాలాసేపు కదలకుండా కూర్చున్నారు. "ఇప్పుడు దినమంత నిద్రనే. బడికి వచ్చేటాళ్లకు సగమైతది. ఇంకా ఇంకా తగ్గుతది. నువ్వు తొందరపెట్టకు" అన్నారు. మీరు నిద్రపోతున్నారా అని అడిగితే, "నాకు జర తక్కువనే. నా పెరుగుడు అయిపోయింది గద" అని నవ్వారు. ఆ చలికాలం దాటకుండానే పోయారు.

ఇప్పుడు నేను కోదాడలో టీచర్ని. మొన్నామధ్య మా నాలుగో తరగతి పిల్లవాడి తల్లి వచ్చింది. పిల్లవాడు క్లాసులో తూలుతున్నాడని చెబితే, "ఏం చేసేదండీ, రెండు ట్యూషన్లు. ఇంటికొచ్చి తినేసరికి పదవుద్ది" అంది. ఒక ట్యూషన్ మాన్పించమన్నాను.

"వెనకబడిపోడాండీ?"

"వెనకబడితే ఆ పూచీ నాది" అన్నాను.

ఆమె వెళ్లిపోయాక నాకు భయమేసింది. నిజంగానే వెనకబడితే? ఒకరి పిల్లవాడి చదువుకు నేను పూచీ పడటమేమిటి? చిన్నప్పుడు సువార్త టీచర్ దేనికీ బెదరని మనిషిలా కనిపించేవారు. ఈ ఒక్క ఏడు పిల్లను నాకియ్యి అని మా అమ్మను అడిగి వెళుతూ ఆమె కూడా దారంతా ఇలాగే భయపడి ఉంటారని ఈ వయసులో తెలుస్తోంది. భయపడుతూనే మర్నాడు బడికి వచ్చి, నవ్వుతూ నా పేరు పిలిచి హాజరు వేసి ఉంటారు.