మూత తెరిచే పరికరం, మూతపడని నోరు

మామిడికాయ తొక్కు సీసా మూత తెరుచుకుని ఆవపిండి ఘాటు ముక్కుకు తగలగానే ఎవరికైనా అన్నం గుర్తొస్తుంది. నాకు మాత్రం రజిత మేడమ్ గుర్తొస్తారు. ఆమె వెనకాలే, పిలవకపోయినా, నసీమా వస్తుంది. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మాకు డిజైన్ నేర్పింది మేడమ్. నసీమా నా క్లాస్‌మేట్. నా కడుపుమంట కూడా ఆమే.

కీళ్లనొప్పులున్నవాళ్లు సీసా మూత తేలిగ్గా తీసుకునే పరికరం చేసి తెమ్మన్నారు మేడమ్. బాగా చేసినవాళ్లలో ఒక్కరినే సెలవుల్లో తన వర్క్‌షాప్‌లో చేర్చుకుంటానన్నారు. ఆ ఒక్కరూ నేనే కావాలి. అప్పటికే ఊహలో మేడమ్ పక్కన నిలబడి టీ కూడా తాగేశాను.

ఆ పరికరాలను వాడి చూడటానికి మట్టెవాడ నుంచి తన పక్కింట్లో కీళ్లనొప్పులతో బాధపడే ముసలామె ఖాజాబీ దాదీని తీసుకొచ్చింది నసీమా. మేడమ్ షరతు ఒక్కటే: వస్తువు దాదీ చేతికిచ్చాక, చేసినవాళ్లు మాట్లాడకూడదు. నేను చదివింది మెకానికల్ అయినా నా నోరు ఆటోమేటిక్. అందుకే నాకు మాత్రం గ్లాసుడు నీళ్లిచ్చి, "పుక్కిట పట్టుకొని నిలవడురా" అన్నారు.

దాదీ నా పరికరాన్ని తలకిందులుగా పట్టుకుంది. ఆగలేక నీళ్లు మింగేశాను.

"అట్ల గాదు దాదీ, పిడి నీ దిక్కు తిప్పు. ఆఁ, ఇప్పుడు జర కిందికి ఒత్తు."

మూత వచ్చింది. గర్వంగా మేడమ్ వైపు చూశాను.

"మంచిగనే ఉన్నదిరా. ఒక్కో పీసుతోటి నిన్ను గూడ డబ్బాల పెట్టి పంపియ్యాల్నా?" అన్నారామె.

"వద్దమ్మా, వీన్ని సాకుడు నాతోని గాదు!" అంది దాదీ.

తర్వాత నసీమా పరికరంతోనూ దాదీ తంటాలు పడింది. "ఏందే నసీమా, రాయి లెక్క నిలవడ్డవ్? చెప్పరాదు?" అని విసుక్కుంది. నసీమాకు కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ పెదవి విప్పలేదు. చివరికి దాదీ సీసాను మోకాళ్ల మధ్య ఇరికించుకొని మూత తిప్పింది. వారం తిరక్కముందే నసీమా తన పరికరాన్ని అలా ఒళ్లో పెట్టుకుని వాడేలా మార్చి తెచ్చింది. నాది మారలేదు. ఏం మార్చాలో నాకెలా తెలుస్తుంది? ఆ రోజు చెప్పిందంతా నేనే కదా.

మేడమ్ నసీమాను తీసుకున్నారు. ఆమెనే పార్టీ అడిగి, సమోసా తిని, కారం ఎక్కువైందని కళ్లు తుడుచుకున్నాను. తర్వాత ఉండబట్టలేక మేడమ్‌నే అడిగాను: "ఆమెల ఏం చూసిన్రు మేడమ్?"

"ఆమె దాదీ చేతుల దిక్కు చూసిందిరా. నువ్వు నా మొహం దిక్కు చూసినవ్."

ఇప్పుడు నాదీ వస్తువులు రూపొందించే ఉద్యోగమే. ఎవరైనా నేను చేసినదానితో అవస్థ పడుతుంటే, చేతులు వెనక్కి కట్టుకుని వాళ్ల వేళ్లనే చూస్తూ నిలబడతాను. "సార్‌కు ఎంత ఓపికో" అంటారు కొత్తగా చేరినవాళ్లు. అది ఓపిక కాదు. నసీమా అయితే ఇంకో నిమిషం ఆగేదనిపిస్తుంది. అందుకే ఆగుతాను.