ముందు నీళ్లు

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. కొండాపూర్ దగ్గర రాస్తారోకోలో మా బస్సు ఆగిపోయింది. కడప యాస బయటపడుతుందని నేను బస్సులోనూ, ఆఫీసులోనూ నోరు విప్పేదాన్ని కాదు. హాస్టల్‌లో డైరీ ఒక్కటే నా మాటలు వినేది.

పక్క సీట్లో ఒకామె ఒళ్లో ఫోను పెట్టుకుని కూర్చుంది. శ్రీకాకుళం తీరం నుంచి గోపన్‌పల్లిలో అపార్ట్‌మెంట్ల పనికి వచ్చిందట. ఇంజిన్ చెడిపోయి ఆమె భర్త పడవ బంగ్లాదేశ్ వైపు కొట్టుకుపోయింది. అతను అక్కడి జైల్లో ఉన్నాడు.

"రెండు దేశాలోళ్లూ మాటాడుకుంటన్నారట. ఆళ్లోళ్లని మనం ఒగ్గేస్తే, మనోళ్లని ఆళ్లు ఒగ్గేస్తారట. ఫోనొస్తాదని సూస్తన్నాను."

ముందు సీట్లో పెద్దావిడ వెనక్కి తిరిగి నన్ను అడిగింది. "ఏ ఊరు బిడ్డా మీది?"

నేను బ్యాగు జిప్పు తీసి, మళ్లీ వేశాను. పక్కనున్నామె తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టింది.

"ముందు తాగు తల్లీ. నడిసంద్రంలో పడవ ఎదురైతే నీళ్లున్నాయా అనే అడుగుతాం, ఏ దేశమని అడగం. మా ఆయనకీ ముందు ఆ దేశం జాలర్లే నీళ్లిచ్చారట. పోలీసులు తరవాతొచ్చారు."

పెద్దావిడ నవ్వింది. "మంచిగ చెప్పినవ్. ఇటియ్యి, నేను గూడ జర తాగుత."

సీసా తిరిగి వచ్చాక, మళ్లీ ఎవరూ అడగకుండానే, "మాది కడప" అన్నాను.

నేను దిగేదాకా ఆమె ఫోను మోగలేదు. ఇప్పటికీ బస్సులో పక్కవాళ్ల ఫోను మోగితే, వాళ్లు ఎత్తి మొదటి మాట అనేదాకా నేను పుస్తకంలో పేజీ తిప్పలేను.